స్థానిక సమాజాల సుస్థిరాభివృద్ధి – డిజైన్ విద్య

డిజైన్ విద్యాసంస్థలు తమ పాఠ్యక్రమాన్ని, విద్యార్థుల ప్రాజెక్టులను, అధ్యాపకుల పరిశోధనను ఊళ్ల అవసరాలతో, అక్కడి వృత్తులతో, అక్కడ దొరికే ముడిసరుకుతో ముడిపెట్టి సాగించే బోధన ఈ వ్యాస విషయం. వస్తువుకు కొత్త రూపం ఇవ్వడం ఇందులో ఒక భాగం. పనిముట్లను మెరుగుపరచడం, ముడిసరుకు తరిగిపోకుండా వాడుకునే పద్ధతులు వెతకడం, గిట్టుబాటు ధర కట్టడం, సరుకును కొనేవారి దాకా చేర్చే దారి వేయడం కూడా ఇందులోకే వస్తాయి. రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా నేటి తరం తన అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో వెలువడిన బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక నిర్వచించింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాణ్యమైన విద్య, గౌరవప్రదమైన పని, బాధ్యతాయుతమైన ఉత్పత్తి-వినియోగం ఈ బోధనతో నేరుగా ముడిపడినవి.

భారతదేశంలో ఈ ధారకు చేనేత, తోలుపని, వెదురుపని, అద్దకం, కొయ్యబొమ్మల తయారీ వంటి చేతివృత్తులే ప్రధాన రంగం. దాదాపు వందేళ్ల అనుభవంలో కొన్ని ప్రయత్నాలు నిలదొక్కుకున్నాయి, కొన్ని నమూనాల దగ్గరే ఆగిపోయాయి. బయటి నుంచి వచ్చినవారు వెళ్లిపోయాక కొత్త వస్తువును తామే ఆలోచించి, తయారుచేసి, అమ్ముకోగల శక్తి ఊళ్లో ఎంత మిగిలిందన్నదే ఈ రెంటికీ తేడా తెచ్చింది.

నేపథ్యం

డిజైన్ పాఠశాలలు పుట్టకముందే ఈ ఆలోచన భారతదేశంలో ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో శాంతినికేతన్ పక్కనే ఉన్న సురుల్‌లో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ సహకారంతో శ్రీనికేతన్ గ్రామ పునర్నిర్మాణ సంస్థను నెలకొల్పాడు. వ్యవసాయం, ఆరోగ్యంతో పాటు నేత, కుమ్మరం, వడ్రంగం, తోలుపని అక్కడ నేర్పేవారు. శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చిత్రకళ నేర్చినవారి చేయి పల్లె వస్తువుల మీద పడటానికి ఇది దారితీసింది. శాంతినికేతన్ తోలు సంచులు, బాతిక్ అద్దకం ఆ కలయికలోంచి వచ్చినవే.

1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నం తయారుచేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. దాని షరతులు ఇప్పుడు చదివినా పకడ్బందీ డిజైన్ పత్రంలా కనిపిస్తాయి. రాట్నం తేలికగా ఉండాలి, మామూలు గుడిసెలో ఇమడాలి. చేత్తో గానీ కాలితో గానీ నడవాలి. స్త్రీ అలసట లేకుండా ఎనిమిది గంటలు వడకగలగాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. సకాలంలో మరమ్మతు చేసుకుంటే కనీసం 20 ఏళ్లు మన్నాలి. బహుమతి ఎవరికీ దక్కలేదు. అయితే యంత్రాన్ని కొలవడానికి వేగం ఒక్కటే చాలదని, వాడే మనిషి ఒళ్లు, ఇంటి వైశాల్యం, కొనే స్తోమత, మరమ్మతు ఖర్చు కూడా లెక్కలోకి రావాలని ఆ షరతులు స్పష్టం చేశాయి.

1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని గాంధేయ ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప నడిపాడు. గానుగ, కాగితం, తేనె, నూనెదీపం వంటి వాటిని మెరుగుపరచి ఊళ్లకు అందించడం దాని పని. 1938లో అక్కడే తెరిచిన మగన్ సంగ్రహాలయం ఈ పనిముట్లకు ప్రదర్శనశాల. తరగని వనరుల మీద ఆధారపడే ఆర్థిక జీవనాన్ని కుమారప్ప 1945లో వచ్చిన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ గ్రంథంలో ప్రతిపాదించాడు. 1937 నాటి వార్ధా విద్యా సమావేశం నుంచి మొదలైన నయీ తాలీమ్ విద్యా విధానం చేతిపనిని చదువుకు కేంద్రం చేసింది. తర్వాతి డిజైన్ విద్య ఈ పునాది మీదే కొంత నిలబడింది, దీన్ని కొంత మరిచిపోయింది కూడా.

సంస్థల ఆవిర్భావం

స్వాతంత్ర్యానంతరం 1956 నుంచి ఏర్పడిన వీవర్స్ సర్వీస్ సెంటర్లు చిత్రకారులను, అద్దకం నిపుణులను నేతగాళ్లకు దగ్గర చేశాయి. అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ కేంద్ర ప్రభుత్వ ఆహ్వానం మీద దేశమంతా తిరిగి 1958లో ‘ఇండియా రిపోర్ట్’ సమర్పించారు. నీళ్లు తెచ్చుకునే చెంబును వారు అందులో ప్రత్యేకంగా పరిశీలించారు. ఎంత నీరు పడుతుంది, నడుం మీద ఎలా ఇముడుతుంది, ఎలా ఒంపుతారు, ఎలా తోముతారు, ఎంతకు వస్తుంది వంటి ప్రశ్నలన్నిటికీ తరతరాల వాడకం ఇచ్చిన సమాధానంగా దాన్ని చూపించారు. ఆ నివేదిక స్ఫూర్తితో 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఏర్పడింది. గౌతమ్ సారాభాయ్, గిరా సారాభాయ్ దాని తొలి రూపశిల్పులు. 1969లో ఐఐటీ బొంబాయిలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ మొదలైంది.

డిజైన్ వృత్తి ఎవరికి సేవ చేస్తోందన్న ప్రశ్న 1970లలో ప్రపంచమంతటా వినిపించింది. విక్టర్ పాపనెక్ 1971లో ‘డిజైన్ ఫర్ ద రియల్ వరల్డ్’లో, ఇ.ఎఫ్. షుమాకర్ 1973లో ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’లో ఆ చర్చను ముందుకు నెట్టారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య కె.ఎన్. రెడ్డి చొరవతో 1974లో ‘అస్త్ర’ అనే గ్రామీణ సాంకేతిక విభాగం ఏర్పడింది. తక్కువ కట్టెలతో, తక్కువ పొగతో మండే పొయ్యి దాని పనుల్లో పేరు పొందింది. 1979 జనవరిలో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ, అంతర్జాతీయ ఇండస్ట్రియల్ డిజైన్ సంఘాల మండలి కలిసి ఎన్‌ఐడీలో జరిపిన సమావేశం ‘అభివృద్ధి కోసం ఇండస్ట్రియల్ డిజైన్’ పేరిట అహ్మదాబాద్ ప్రకటన వెలువరించింది. అప్పటికే ఎన్‌ఐడీ అధ్యాపకులు కొందరు రాజస్థాన్‌లో ఒక కరువు ప్రాంతంలో ఈ మాటలను ఆచరణలో పరీక్షిస్తున్నారు.

జవాజా ప్రయోగం

ఐఐఎం అహ్మదాబాద్ తొలి పూర్తికాల డైరెక్టర్ రవి మత్తాయ్ 1972లో ఆ పదవి వదులుకుని అధ్యాపకుడిగా కొనసాగాడు. పెద్ద కంపెనీలకు పనికొచ్చే మేనేజ్‌మెంట్ విద్య దేశంలోని నిరుపేదలకు ఏమైనా ఉపయోగపడుతుందా అన్నది ఆయన ప్రశ్న. సమాధానం వెతుక్కుంటూ 1975లో రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా జవాజా బ్లాక్‌కు చేరాడు. దాదాపు 200 గ్రామాలు, 80 వేల జనాభా ఉన్న ఆ ప్రాంతం తరచూ కరువు బారిన పడేది. అభివృద్ధికి ఆధారం కాదగిన వనరేదీ అక్కడ లేదన్నది అధికారుల అంచనా. మనుషులు, వారి చేతిపని మాత్రం ఉన్నాయని మత్తాయ్ బృందం గుర్తించింది. తోళ్లు ఊని, వాటితో వస్తువులు చేసే రైగర్ కులస్థులు, ముతక బట్టలు నేసే నేతగాళ్లు అక్కడున్నారు. ఎన్‌ఐడీని నడుపుతున్న అశోక్ చటర్జీ తమ సంస్థ అధ్యాపకులను, విద్యార్థులను ఈ పనిలో భాగం చేశాడు. ఎన్‌ఐడీ టెక్స్‌టైల్ విభాగంలో పనిచేసిన ఫిన్లాండ్ డిజైనర్ హెలెనా పెర్హీన్‌టుపా నేతపనికి తోడ్పడ్డారు.

ఇక్కడ డిజైన్ నిర్ణయాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: బయటివాళ్లు వెళ్లాక ఇది నడుస్తుందా? తోలు సంచినే చూడవచ్చు. పట్నంలో అమ్ముడుపోవాలంటే పొందికగా ఉండాలి. అలాగని కుట్టుమిషన్ పెడితే కరెంటు కావాలి, మెకానిక్ కావాలి, అప్పు చేయాలి. అందుకే తోలులోంచే సన్నని వారులు తీసి, చేత్తో రంధ్రాల గుండా దూర్చి ముక్కలను కూర్చే పద్ధతిని ఎంచుకున్నారు. చేతిలో ఉన్న పనిముట్లతోనే, ఇంటి వాకిట్లోనే అది సాగుతుంది. కూర్పు కనబడటమే సంచికి అందం అయింది. యంత్రం లేకపోవడమన్న లోటును దాచకుండా, దాన్నే రూపంగా మలచడం డిజైనర్లు చేసిన పని. నేతగాళ్ల వైపు కంబళ్లు, చాపల వంటి తివాచీలు పట్నం మార్కెట్ అడిగే కొలతల్లో, రంగుల్లో తయారయ్యాయి.

వస్తువుకన్నా కష్టమైంది లావాదేవీ. తోలు కొనడం, లెక్క రాయడం, బ్యాంకుకు వెళ్లి మాట్లాడటం, ఆర్డరు గడువు పాటించడం, తీసికట్టుగా వచ్చిన సరుకును తామే పక్కన పెట్టడం కూడా పాఠ్యాంశాలయ్యాయి. ఊళ్లో అంటరానితనం అనుభవించేవారు పట్నం కొనుగోలుదారుతో ముఖాముఖి బేరం చేయడం వారికే కాదు, ఊరి పెద్దలకూ కొత్త. షావుకారు పట్టు సడలే ప్రతిచోటా ప్రతిఘటన ఎదురైంది. వృత్తిదారులు ‘ఆర్టిజాన్స్ అలయన్స్ ఆఫ్ జవాజా’ పేరిట తమ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. 1984లో మత్తాయ్ మరణించిన మరుసటి ఏడాది ఈ అనుభవాలు ‘ద రూరల్ యూనివర్సిటీ’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. గోడలు లేని ఆ విశ్వవిద్యాలయంలో పల్లెవాసులు, ప్రొఫెసర్లు ఇద్దరూ నేర్చుకునేవారేనన్నది ఆయన భావన. తర్వాత దేశంలో వచ్చిన చాలా చేతివృత్తుల పథకాలు ఎక్కడో ఒకచోట జవాజాను ఉదాహరణగా పేర్కొంటాయి.

బోధనా పద్ధతులు

ఊరితో ముడిపడిన డిజైన్ బోధనకు ఈ దశాబ్దాల్లో కొన్ని స్థిరమైన పద్ధతులు ఏర్పడ్డాయి. మొదటిది పరిసరాల అధ్యయనం. ఎన్‌ఐడీలో తొలి ఏడాది విద్యార్థులు ఒక ఊరికో పట్టణానికో వెళ్లి, అక్కడి ఇళ్లు, వస్తువులు, పని వేళలు, సంత, నీటి వాడకం గమనించి బొమ్మలు, పటాల రూపంలో నమోదు చేస్తారు. ఏదో ఒకటి మార్చాలన్న తొందర లేకుండా చూడటం నేర్పడమే ఈ దశ ఉద్దేశం.

రెండోది వృత్తి నమోదు. ముడిసరుకు ఎక్కడిది, ఏ రుతువులో దొరుకుతుంది, ఏ పని ఎవరు చేస్తారు, ఒక్కో దశకు ఎంత సమయం, ఎంత కూలి అన్నవి విద్యార్థులు వివరంగా రాస్తారు. ఇలాంటి పరిశీలనకు పెద్ద ఉదాహరణ ఎం.పి. రంజన్, నీలం అయ్యర్, ఘనశ్యామ్ పాండ్యా 1986లో ప్రచురించిన ఈశాన్య భారత వెదురు, పేము వృత్తుల గ్రంథం. ఒక్కో బుట్ట అల్లికను అది గీతలతో విప్పి చూపుతుంది. దేశవ్యాప్తంగా చేతివృత్తులను జిల్లాలవారీగా పరిచయం చేసే ‘హ్యాండ్‌మేడ్ ఇన్ ఇండియా’ అదితి రంజన్, ఎం.పి. రంజన్ సంపాదకత్వంలో 2007లో వచ్చింది.

మూడోది చివరి ఏడాది ప్రాజెక్టు. విద్యార్థి కొన్ని నెలలు ఒక వృత్తి కేంద్రంతో పనిచేసి కొత్త వస్తువులు, పనిముట్లు లేదా అమ్మకం పద్ధతి రూపొందిస్తాడు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ (నిఫ్ట్) తన విద్యార్థులందరినీ చేతివృత్తుల క్లస్టర్లకు పంపే కార్యక్రమం నడుపుతోంది. రాజస్థాన్ ప్రభుత్వం చొరవతో 1995లో జైపూర్‌లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రాఫ్ట్స్ అండ్ డిజైన్ పూర్తిగా చేతివృత్తుల రంగానికే డిజైనర్లను తయారుచేస్తుంది. ఐఐటీ గువాహటి డిజైన్ విభాగం రూపొందించిన ‘దీప్‌బహన్’ సైకిల్ రిక్షా తొక్కేవాడి శ్రమను, ఎక్కేవాడి సౌకర్యాన్ని కలిపి ఆలోచించిన పని.

చేతివృత్తులవారే విద్యార్థులైనప్పుడు

పైన చెప్పిన పద్ధతులన్నిటిలో డిజైనర్ పట్నం నుంచి వస్తాడు, పనివాడు ఊళ్లో ఉంటాడు. ఆలోచన ఒకరిది, చేతి కష్టం ఇంకొకరిది అన్న విభజన అలాగే మిగులుతుంది. దీన్ని తలకిందులు చేసిన ప్రయత్నం గుజరాత్‌లోని కచ్‌లో జరిగింది. అక్కడి కుట్టుపనిని ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన అమెరికన్ పరిశోధకురాలు జూడీ ఫ్రేటర్ 2005లో ‘కళారక్ష విద్యాలయ’ను మొదలుపెట్టారు. సంప్రదాయ వృత్తిదారులకు డిజైన్ నేర్పే బడి అది. తర్వాత 2014లో ‘సోమయ్య కళా విద్య’ ఆ పద్ధతినే కొనసాగించింది.

ఆ పాఠ్యక్రమం కూర్పు వృత్తిదారుల జీవితానికి సరిపోయేలా ఉంటుంది. ఇల్లు, మగ్గం, పశువులు వదిలి ఏడాదంతా హాస్టల్లో ఉండటం వారికి సాధ్యం కాదు. అందుకే రెండేసి వారాల తరగతులు ఆరు విడతలుగా ఏడాది పొడవునా పరచారు. రంగులు, ప్రాథమిక డిజైన్, మార్కెట్ అవగాహన, ఒక భావన చుట్టూ వస్తువుల శ్రేణి రూపొందించడం, తుది మెరుగు, ప్రదర్శన అన్నవి ఆ ఆరు విడతల విషయాలు. విడతకూ విడతకూ మధ్య విద్యార్థి ఇంటి దగ్గరే అభ్యాసం చేస్తాడు, అధ్యాపకులు ఊరికి వెళ్లి చూస్తారు. బోధన స్థానిక భాషలో సాగుతుంది. అజ్రఖ్ అచ్చువేసేవారు, బాంధనీ ముడులు వేసేవారు, నేతగాళ్లు, కుట్టుపని స్త్రీలు ఇక్కడ చదివి, తమ పేరుతోనే సరుకు అమ్ముకునే స్థాయికి చేరారు. తాతల నాటి నమూనాను యథాతథంగా అచ్చువేయాలా, మార్చితే ఎంతవరకు మార్చాలి అన్న నిర్ణయం ఇక్కడ వృత్తిదారుడి చేతిలోనే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్‌లో యువ నేతగాళ్ల కోసం నడిచే ‘హ్యాండ్‌లూమ్ స్కూల్’ కూడా ఇదే కోవలోది.

ముడిసరుకు, నీరు, శక్తి

చేతివృత్తి అంటేనే పర్యావరణానికి మేలు అన్న నమ్మకం అన్నివేళలా నిలవదు. చేతి అద్దకం నది నీటిని పాడుచేయవచ్చు. బొమ్మల గిరాకీ అడవిలో ఒక చెట్టు జాతినే తగ్గించవచ్చు. అందుకే ఈ రంగంలో బోధన ముడిసరుకు పుట్టుక నుంచి వస్తువు పారవేత దాకా మొత్తం గొలుసును చూడమంటుంది.

కచ్‌లోని ధమడ్కా గ్రామం ఇందుకు ఒక ఉదాహరణ. అజ్రఖ్ అద్దకంలో బట్టను పలుమార్లు ఉతకాలి, ఆ నీటిలోని లవణాలను బట్టి రంగు పండుతుంది. 2001 భూకంపం తర్వాత అక్కడి నీటిలో ఇనుము పాళ్లు మారి రంగులు సరిగా రాకపోవడంతో చాలా కుటుంబాలు భుజ్ దగ్గర అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకుని వెళ్లాయి. బట్ట మీది రంగుకు భూగర్భ జలమే ఆధారమని ఆ వలస డిజైన్ విద్యార్థులకు నేర్పింది.

వెదురు ఇంకో అధ్యయన రంగం. కొన్నేళ్లలోనే కోతకు వచ్చి, నరికినా మళ్లీ పిలకలేసే ఈ గడ్డి జాతి మొక్క కలపకు మంచి ప్రత్యామ్నాయం. ఐఐటీ బొంబాయి ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్‌లో ప్రొఫెసర్ ఎ.జి. రావు వెదురు వస్తువులతో పాటు వాటిని చేసే పనిముట్లపై దృష్టి పెట్టారు. బద్దలు సమంగా చీల్చే సాధనం చేతికి దొరికితే కొత్త వస్తువు ఆలోచన పనివాడి నుంచే వస్తుందన్నది ఈ తరహా పని వెనక ఉన్న తర్కం. అగర్తలాలోని వెదురు, పేము అభివృద్ధి సంస్థకు పాఠ్యక్రమం రూపొందించడంలో ఎన్‌ఐడీ తోడ్పడింది.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1995లో ఏర్పడిన హైదరాబాద్ నిఫ్ట్, 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం ఈ రంగంలోని ప్రధాన విద్యాసంస్థలు. చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరున వెంకటగిరిలో నడుస్తున్న చేనేత సాంకేతిక సంస్థ నేత కుటుంబాల పిల్లలకు డిప్లొమా చదువు అందిస్తోంది. అయితే ఇక్కడ చెప్పుకోదగిన ప్రయోగాలు కొన్ని బడి బయటే జరిగాయి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. రసాయన రంగులు వచ్చి పాత రంగుల తెలివిడి మరుగున పడ్డాక, ఆ ఊరివాడైన సి.వి. రాజు పసుపు, నీలిమందు వంటి ప్రకృతి రంగులను లక్కలో కలిపే పద్ధతులను ప్రయోగాలు చేసి మళ్లీ నిలబెట్టారు. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు హాని లేని రంగు అన్నది విదేశీ మార్కెట్‌లోనూ గిరాకీ తెచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాకకు అంకుడు, కొండపల్లికి తెల్లపొనికి ఆయువుపట్లు. ఆ చెట్లు పెంచకుండా బొమ్మలకు ఎన్ని కొత్త రూపాలు గీసినా ప్రయోజనం లేదన్నది ఇక్కడికి వచ్చే డిజైన్ విద్యార్థులు నేర్చుకోవలసిన మొదటి పాఠం.

పోచంపల్లి వంటి చిటికి (ఇకత్) నేత కేంద్రాల్లో ఆసు పోయడం స్త్రీల పని. అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ నూలును ఒక చివర నుంచి ఇంకో చివరకు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి, గంటల తరబడి. భుజం, మోచేయి నొప్పులు ఈ పనికి జతగా వచ్చేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడే బాధ చూసి, ఏళ్ల తరబడి కూడబెట్టి, ఒక్కో భాగం చేసుకుంటూ 1999 నాటికి ఆసు యంత్రం పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. డిజైన్ డిగ్రీ లేని మనిషి చేసిన ఈ పని ఇప్పుడు డిజైన్ తరగతుల్లో ప్రస్తావనకు వస్తుంది. ఇకత్ చీరల అందం గురించి రాసినవారు ఎందరో ఉన్నా, ఆసు పోసే చేతి నొప్పిని సమస్యగా గుర్తించింది ఆ ఇంట్లోనే పెరిగినవాడు. సమస్యను ఎవరు ఎంచుకుంటారన్నది డిజైన్ విద్యలో పరిష్కారమంత ముఖ్యమని ఈ ఉదంతం చూపుతుంది.

హైదరాబాద్ కేంద్రంగా 1995 నుంచి పనిచేస్తున్న దస్త్‌కార్ ఆంధ్ర చేనేత సహకార సంఘాలకు ప్రకృతి రంగుల అద్దకం, మార్కెటింగ్‌లో తోడ్పడింది. దాంతో అనుబంధం ఉన్న ఉజ్రమ్మ చొరవతో వచ్చిన ‘మల్ఖా’ ఒక బట్ట రకాన్ని కాకుండా ఉత్పత్తి గొలుసునే తిరిగి డిజైన్ చేయబూనింది. మామూలుగా దూదిని గట్టిగా అదిమి బేళ్లు కట్టి దూరపు మిల్లుకు పంపుతారు, అక్కడ మళ్లీ యంత్రాలతో విప్పుతారు. ఈ క్రమంలో పీచు దెబ్బతింటుంది, రవాణా ఖర్చు పెరుగుతుంది, పత్తి రైతుకూ నేతగాడికీ మధ్య సంబంధం తెగిపోతుంది. పత్తి పండే చోటే చిన్న యూనిట్లలో, బేళ్లు కట్టకుండా నూలు తీసి దగ్గరి మగ్గాలకు ఇవ్వడం మల్ఖా పద్ధతి. చీర అంచు గీయడంతో ఆగకుండా పొలం నుంచి మగ్గం దాకా చూసే డిజైన్ ఆలోచనకు తెలుగు నేల ఇచ్చిన నమూనా ఇది.

ఇతర దేశాల్లో

ఆర్కిటెక్చర్ విద్యలో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం ‘రూరల్ స్టూడియో’ ప్రసిద్ధం. 1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అలబామా రాష్ట్రంలోని పేద ప్రాంతమైన హేల్ కౌంటీలో దీన్ని ప్రారంభించారు. విద్యార్థులు అక్కడే నివసిస్తూ ఇళ్లు, సామూహిక భవనాలు తమ చేతులతో కడతారు. 2005లో మొదలైన 20 వేల డాలర్ల ఇంటి ప్రాజెక్టు ఏడాదికేడాది అదే ప్రశ్నకు మెరుగైన సమాధానం వెతుకుతూ సాగింది. ఒక్కో బ్యాచ్ కొత్త విషయం ఎత్తుకోకుండా ముందటి బ్యాచ్ ఆపిన చోట మొదలుపెట్టడం దీని ప్రత్యేకత.

బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో ఆన్నా హెరింగర్ తన విద్యార్థి ప్రాజెక్టుగా ఆలోచించిన మట్టి-వెదురు బడి 2005లో పూర్తయి, 2007లో ఆగాఖాన్ పురస్కారం పొందింది. స్థానిక కూలీలే కట్టారు కాబట్టి ఖర్చయిన డబ్బులో పెద్ద భాగం ఊళ్లోనే కూలి రూపంలో మిగిలింది, మట్టి గోడ కట్టే నైపుణ్యం మెరుగుపడింది. బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో పుట్టిన ఫ్రాన్సిస్ కెరె బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి 2001లో తన ఊరికి మట్టి ఇటుకల బడి కట్టాడు. రేకుల కప్పును గోడలకు పైకెత్తి వేడి గాలి బయటకు పోయేలా చేశాడు. 2022లో ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్నాడు. ఎంఐటీలో ఏమీ స్మిత్ 2002లో మొదలుపెట్టిన డి-ల్యాబ్, ఇటలీకి చెందిన ఎజియో మంజీని చొరవతో 2009లో డిజైన్ పాఠశాలల సమాఖ్యగా ఏర్పడిన డెసిస్ నెట్‌వర్క్ కూడా ఈ రంగంలో పేర్కొనదగినవి.

విమర్శలు

ఈ బోధనపై వచ్చే మొదటి విమర్శ కాలం గురించి. సెమిస్టర్ 16, 18 వారాల్లో ముగుస్తుంది, ఊరికి వ్యవసాయ పనులు, పండుగలు, పెళ్లిళ్ల గిరాకీ వేరే లెక్కన నడుస్తాయి. విద్యార్థి నమూనా తయారుచేసి మార్కులు తెచ్చుకుంటాడు. దాన్ని వంద చేయడానికి కావలసిన పెట్టుబడి, ఆర్డరు, నాణ్యత పరిశీలన ఎవరి బాధ్యతో తేలదు. పేరున్న క్లస్టర్లకు ఏటా విద్యార్థులు వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. సమాధానాలు చెప్పే పనివాడు ఆ పూట కూలి పోగొట్టుకుంటాడు.

రెండోది పేరు, హక్కుల సంగతి. కేటలాగులో డిజైనర్ పేరు ఉంటుంది, నేసినవారి ఊరి పేరు మాత్రమే ఉంటుంది. భౌగోళిక గుర్తింపు ప్రాంతానికి రక్షణ ఇస్తుంది గానీ ఒక్కో వృత్తిదారుడి సొంత సృష్టికి ఇవ్వదు. మూడోది కులం, స్త్రీ శ్రమ. చేతివృత్తిని వారసత్వ సంపదగా పొగిడే పాఠం, ఆ వృత్తిలో పుట్టడమే అవమానంగా అనుభవించినవారి కోరికను పట్టించుకోకపోవచ్చు. కండెలు చుట్టడం, ఆసు పోయడం, గంజి పెట్టడం వంటి స్త్రీల పని ఇంటి సాయంగా లెక్కకెక్కి ధరలో కనిపించదు. నాలుగోది భాష. ఉన్నత స్థాయి డిజైన్ చదువు దాదాపు అంతా ఇంగ్లిషులో, ఖరీదైన ఫీజులతో సాగుతుంది. మగ్గం పక్కన పెరిగిన తెలుగు మీడియం పిల్లకు ఆ గుమ్మం ఎక్కడం కష్టం. కచ్ తరహా స్థానిక భాషా పాఠశాలలు ఎక్కువ రాకపోవడం ఈ రంగంలో ఉన్న పెద్ద లోటు.

అంచనా, విధానాలు

2007లో కేంద్ర ప్రభుత్వం జాతీయ డిజైన్ విధానాన్ని ఆమోదించింది. చిన్న పరిశ్రమలకు డిజైన్ సాయం అందించే క్లినిక్ పథకాన్ని ఎన్‌ఐడీ ద్వారా 2010 నుంచి నడిపించింది. 2014 చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా పొందిన ఎన్‌ఐడీ వరసలో, 2019 సవరణతో ఆంధ్రప్రదేశ్, హర్యానా, మధ్యప్రదేశ్, అస్సాం సంస్థలూ చేరాయి. ఉన్నత విద్యాసంస్థలు చుట్టుపక్కల గ్రామాలను ఎంచుకుని పనిచేసే ఉన్నత్ భారత్ అభియాన్ 2014లో మొదలైంది. ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉన్న అమరావతి చుట్టూ మంగళగిరి నేత, కొండపల్లి బొమ్మల కేంద్రాలు దగ్గర్లోనే ఉన్నందువల్ల దీర్ఘకాలిక సంబంధానికి అవకాశం ఎక్కువ.

ఫలితాన్ని కొలిచేందుకు ప్రదర్శనలు, అవార్డులు, తయారైన నమూనాల సంఖ్య సులువైన కొలమానాలు. ప్రాజెక్టు ముగిసిన కొన్నేళ్లకు ఊరికి తిరిగి వెళ్లి అడిగే ప్రశ్నలు ఇంకా నమ్మదగినవి. రోజు కూలి పెరిగిందా? ముడిసరుకు ఇచ్చే చెట్టు, చెరువు ముందుకన్నా బాగున్నాయా? ఆర్డరు ఎవరి ఫోనుకు వస్తోంది? ధర ఎవరు చెబుతున్నారు? పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా, నేర్చుకోకపోతే అది వారి ఎంపికా, గత్యంతరం లేకనా? కొత్త డిజైన్ చివరిసారిగా ఎవరు గీశారు? జవాజా సంఘం, కచ్ వృత్తిదారుల సొంత పేర్లు, శారాజీపేట ఆసు యంత్రం చివరి ప్రశ్నకు ఊరి మనిషినే చూపించగలవు. ఊరితో ముడిపడిన డిజైన్ విద్యకు పరీక్ష ఆ ప్రశ్న దగ్గరే ఉంది.